ముల్లు మీటరు, మూగవోయిన మోటారు

బహ్రెయిన్ ద్వీపానికి తూర్పున సముద్రం లోతు తక్కువ. ఫష్త్ అల్ అజ్మ్ వంటి తిన్నెలు నీటి అడుగున చాలా దూరం పరచుకొని ఉంటాయి. చేపలకు అది ఇష్టమైన తావు. కనుక సిత్రా, ముహర్రక్ రేవుల నుంచి బయలుదేరే చిన్న పడవలకూ అది ఇష్టమైన తావే. ఆ నీటిమీద వాయవ్యం నుంచి వీచే గాలిని అరబ్బులు 'షమాల్' అంటారు. మోటారు ఆగిపోయిన పడవను షమాల్ ఆగ్నేయ దిశగా, అంటే ఖతార్ వైపు నెట్టుకుపోతుంది. ఆ రెండు దేశాల మధ్య సముద్రపు సరిహద్దును హేగ్ నగరంలోని అంతర్జాతీయ న్యాయస్థానం 2001 మార్చి 16న నిర్ణయించింది. హవార్ ద్వీపాలు బహ్రెయిన్‌కు, జుబారా ఖతార్‌కు దక్కాయి. పటం మీద స్పష్టంగా కనిపించే ఆ గీత నీటిమీద కనిపించదు. తెలిసి దాటినా, గాలికి కొట్టుకుపోయి దాటినా కాపలా నౌకకు అది దాటడమే. అలా పట్టుబడి నిర్బంధంలో గడిపిన జాలరులు ఉన్నారు. పడవ యజమాని బహ్రెయిన్ పౌరుడే అయినా, అందులో వలలు లాగేవారు తరచు భారతదేశం, బంగ్లాదేశ్‌ల నుంచి పొట్ట చేతపట్టుకొని వచ్చిన శ్రామికులు.

ఇంతటి ఆపదకు మూలం ఒక్కొక్కసారి వెంట్రుకంత సన్నని రాగితీగ తెగిపోవడమే. ఆ తెగిన తీగను రేవులోనే, పడవ నీళ్లలోకి దిగక ముందే పసిగట్టగల సాధనం పాత ముల్లు మల్టీమీటరు. అంకెల మీటర్లు చౌకగా దొరికే ఈ రోజుల్లో అది అటకెక్కిందని చాలామంది అభిప్రాయం. పడవ వెనుక తగిలించే అవుట్‌బోర్డు మోటారు విషయంలో మాత్రం ఆ అభిప్రాయాన్ని కొంత సవరించుకోవలసి ఉంటుంది. అయితే ముల్లు చూపిన అంకెను నమ్మడానికి ముందు, ఆ ముల్లు దేనిని చూస్తున్నదో, దేనిని చూడలేదో తెలిసి ఉండాలి. మంచి భాగాలను పారవేసి, చెడిన భాగాన్ని అలాగే ఉంచి, మళ్లీ సముద్రంలోకి వెళ్లడం అనే పొరపాటంతా ఇక్కడే జరుగుతున్నది.

అవుట్‌బోర్డు మోటారును విరివిగా అమ్మకానికి తెచ్చినవాడు నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలె ఎవిన్‌రూడ్. 1909లో అతడు అమ్మిన మోటారు శక్తి ఒకటిన్నర అశ్వశక్తి మాత్రమే. ఆ పేరుతో వచ్చిన మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది. ఈ నూరేళ్లలో మోటారు రూపం ఎంత మారినా ఒక సూత్రం మారలేదు: పెట్రోలు ఆవిరిని మండించడానికి సరైన క్షణంలో ఒక నిప్పురవ్వ కావాలి. తాడు లాగి నడిపే చిన్న మోటారులో ఆ రవ్వకోసం బ్యాటరీ కూడా ఉండదు. ఫ్లైవీలు లోపలి అంచున బిగించిన అయస్కాంతాలు తిరుగుతూ, వాటి కింద కదలకుండా ఉన్న తీగచుట్టలలో విద్యుత్తును పుట్టిస్తాయి. 1831లో ఫారడే కనుగొన్న విషయమే ఇది. పాఠశాలలో చదివి పరీక్ష రాసి మరచిపోయిన ఆ పాఠం, తాడు లాగిన ప్రతిసారీ పడవ వెనుక మళ్లీ జరుగుతుంది.

తొలినాటి మోటార్లలో పాయింట్లు, కండెన్సరు ఉండేవి. 1960ల చివరి నుంచి వాటి స్థానాన్ని సి.డి.ఐ. అనే పద్ధతి క్రమంగా ఆక్రమించింది. ఇందులో నాలుగు పాత్రలు. మొదటిది చార్జికాయిలు: ఇది వందల వోల్టుల విద్యుత్తును పుట్టిస్తుంది. రెండవది నల్లని జిగురుతో మూసివేసిన సి.డి.ఐ. పెట్టె: అందులోని డయోడు ఆ విద్యుత్తును ఒకే దిశకు మళ్లించగా, కండెన్సరు దానిని నిలవ చేస్తుంది. మూడవది ట్రిగ్గరుకాయిలు: పిస్టను పైకి చేరే వేళకు ఇది చిన్న తట్టు తట్టి, పెట్టెలోని థైరిస్టరు అనే తలుపును తెరుస్తుంది. నాలుగవది ఇగ్నిషన్ కాయిలు: కండెన్సరులోని నిలవ ఒక్కసారిగా దీనిలోకి దూకి, వేల వోల్టులుగా పెరిగి, ప్లగ్గు కొనల మధ్య రవ్వగా రాలుతుంది. ఆ నిలవ ఏమంత పెద్దది కాదు. ఒక మైక్రోఫారడ్ కండెన్సరు 300 వోల్టులకు నిండితే అందులో దాగిన శక్తి 0.045 జౌలు. అయినా నిమిషానికి 5000 చుట్లు తిరిగే రెండు స్ట్రోకుల మోటారులో ఆ చిన్న దూకుడు ప్రతి సిలిండరులో సెకనుకు 83 సార్లు జరగాలి. ఒక్కటి తప్పినా చెవికి తెలుస్తుంది. వరుసగా తప్పితే పడవ ఆగిపోతుంది.

ఇక మీటరు సంగతి. అయస్కాంతం కొనల మధ్య తిరిగే తీగచుట్టకు ముల్లు తగిలించి విద్యుత్తును కొలిచే ఏర్పాటును 1882లో ఫ్రాన్సులో దెప్రే, దార్సొన్వాల్ అనే ఇద్దరు రూపొందించారు. ఆంపియర్లకు ఒకటి, వోల్టులకు ఒకటి, ఓములకు మరొకటి చొప్పున మూడు మీటర్లు మోయలేక విసిగిన డొనాల్డ్ మెకాడీ అనే బ్రిటిష్ పోస్టాఫీసు ఇంజనీరు ఆ మూడింటినీ ఒకే పెట్టెలో ఇమిడ్చాడు. 1923లో అంగడికి వచ్చిన ఆ పెట్టెకు మూడు ప్రమాణాల ఆంగ్ల తొలి అక్షరాలతో 'ఏవో' అని పేరు పెట్టారు. ఏవో మీటరు అంటే ఏ మీటరు అని తెలుగు విద్యార్థికి ఒక్క క్షణం సందేహం కలగడం సహజమే! మన ఐ.టి.ఐ.లలో, పాలిటెక్నిక్‌లలో ఆ బరువైన నల్లపెట్టెను రెండు చేతులా పట్టుకొని ప్రయోగశాల బల్లమీద దించినవారు నేడు గల్ఫ్ దేశాల వర్క్‌షాపులలో ఎందరో ఉన్నారు. అసలు ఏవో తయారీ 2008లో ముగిసింది. దానికన్నా తేలికైన సాన్వా వంటి జపాను మీటర్లు మాత్రం పనివారి పెట్టెలలో ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

మోటారు రాజుకోనప్పుడు మొదట చేయవలసిన పనికి మీటరే అక్కరలేదు. ప్లగ్గు తీసి, దాని లోహపు ఒళ్లు ఇంజనుకు గట్టిగా ఆనేటట్లు పెట్టి, తాడు లాగి రవ్వ చూడాలి. ప్లగ్గు తీగను గాలిలో వదిలి తాడు లాగడం మంచిది కాదు. దారి దొరకని వేల వోల్టులు కాయిలు లోపలే దారి చేసుకుంటాయి. పెట్రోలు ఆవిరి ఉన్నచోట రవ్వ పుట్టిస్తున్నామన్న స్పృహ కూడా ఉండాలి. ఇంధనం గొట్టం విప్పి, పరిసరాలు తుడిచి, గాలి ఆడేచోట ఈ పని చేయాలి.

రవ్వ లేదని తేలితే చాలామంది చేయి నేరుగా సి.డి.ఐ. పెట్టె మీదికి పోతుంది. అది ఖరీదైన భాగం. మార్చితే తీరా మోటారు మళ్లీ మౌనమే. అనుమానించవలసిన మొదటి ముద్దాయి నిజానికి స్టాపు స్విచ్చి. ఈ మోటార్లలో స్విచ్చి నొక్కడం అంటే విద్యుత్తును ఆపడం కాదు, దానిని ఎర్తుకు మళ్లించడం. ఆ స్విచ్చిలోకి ఉప్పునీరు చేరితే, ఎవరూ నొక్కకుండానే అది నొక్కినట్లే ఉంటుంది. స్విచ్చి తీగను విడదీసి, మీటరును ఓముల మీద పెట్టి, ఆ తీగకూ ఎర్తుకూ మధ్య కొలిస్తే ముల్లు ఎడమ చివర నుంచి కదలకూడదు. కొద్దిగా కదిలినా దొంగ దొరికినట్లే. పడవ నడిపేవాని నడుముకు కట్టుకొనే తాడు బిళ్ల సరిగా తగిలించి ఉన్నదో లేదో ఇంతకన్నా ముందే చూడాలి. అది లేక మోటారు విప్పినవారూ ఉన్నారు.

బహ్రెయిన్ చుట్టూ ఉన్న నీటిలో ఉప్పు మామూలు సముద్రం కన్నా ఎక్కువ. మహాసముద్రాలలో కిలో నీటికి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటే, ఇక్కడ అది 40 గ్రాములు దాటుతుంది. దక్షిణాన సల్వా అఖాతంలో ఇంకా హెచ్చు. ఆ నీటి తుంపర ఎండి తీగల తొడుగుల కిందికి పాకి, రాగిని పచ్చగా మార్చివేస్తుంది. పైకి తొడుగు నిగనిగలాడుతూనే ఉంటుంది. ఇటువంటి చోటనే ముల్లు గొప్పతనం తెలుస్తుంది. మీటరు తగిలించి, తీగను వేళ్లతో కొద్దికొద్దిగా వంచుతూ పోవాలి. లోపల పురి తెగినచోట ముల్లు ఉలిక్కిపడుతుంది. అంకెల మీటరులో ఆ క్షణంలో అంకెలు గజిబిజిగా మారి, కన్ను చదవక ముందే మళ్లీ సర్దుకుంటాయి. ముల్లు కదలికను చదవనక్కరలేదు, చూస్తే చాలు.

తరువాత కాయిళ్లు. వాటి కొలతలు మోటారు మోటారుకూ మారుతాయి కాబట్టి ఆయా మోటారు పుస్తకమే ప్రమాణం. స్థూలంగా చెప్పాలంటే చార్జికాయిలు వందల ఓములలో, ట్రిగ్గరుకాయిలు పదుల నుంచి వందల ఓములలో ఉంటాయి. ఇగ్నిషన్ కాయిలులో మొదటి చుట్ట ఒక ఓము లోపే, రెండవది కొన్ని వేల ఓములు. కొలిచే ముందు రెండు తీగల కొనలు కలిపి ముల్లును సున్న మీదికి తెచ్చుకోవాలి. తేలేకపోతే లోపలి బ్యాటరీ నీరసించినట్లు. ఓముల స్కేలు కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, పైగా ఎడమ చివర అంకెలు ఇరుకుగా మూగి ఉంటాయి. కనుక ముల్లు స్కేలు నడుమ ఆగే రేంజిని ఎంచుకోవాలి. స్కేలు కింద అద్దపు పట్టీ ఉంటే ముల్లూ దాని నీడా ఒకటయ్యేటట్లు తల నిలపాలి. విప్పిన ఫ్లైవీలు పక్కన మీటరును పెట్టడం మరో సామాన్యమైన పొరపాటు. ఫ్లైవీలులోని బలమైన అయస్కాంతం మీటరులోని చిన్న అయస్కాంతానికి చెప్పుడు మాటలు చెబుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. అది శీతల దేశాల వారికి అంతగా తట్టదు. పుస్తకంలో రాసిన ఓములు సాధారణంగా 20 డిగ్రీల ఉష్ణోగ్రతకు సంబంధించినవి. రాగి నిరోధం డిగ్రీకి సుమారు 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. పుస్తకం 500 ఓములని చెప్పిన కాయిలు, ఆగస్టు మధ్యాహ్నం 45 డిగ్రీల ఎండలో సిత్రా రేవున కొలిస్తే సుమారు 550 చూపుతుంది. అప్పుడే తిరిగి ఆగిన మోటారులో కాయిలు 80 డిగ్రీల వేడిమీద ఉంటే 617 చూపుతుంది. పుస్తకం గీసిన హద్దు దాటిందని దానిని పారవేస్తే, పారవేసింది మంచి కాయిలునే. తెల్లవారుజామున, మోటారు రాత్రంతా చల్లారిన తరువాత కొలవడం ఒక ఉపాయం. అంతకన్నా మంచిది పోల్చి చూడడం. రెండు సిలిండర్ల మోటారులో ఒకటే పనిచేయకపోతే, పక్కపక్కన ఉన్న రెండు ఇగ్నిషన్ కాయిళ్లనూ అదే మీటరుతో, అదే వేడిమీద కొలవాలి. వేడి తేడా, మీటరు తేడా రెండూ అక్కడ చెల్లిపోతాయి. రెండింటినీ తారుమారు చేసి బిగిస్తే మరీ మేలు. జబ్బు కాయిలుతోపాటు రెండవ సిలిండరుకు మారితే తగవు తీరినట్లే. పాతచోటే ఉంటే కాయిలు నిర్దోషి.

వేడి కొన్నిసార్లు శత్రువు, కొన్నిసార్లు సాక్షి. రేవులో చక్కగా రాజుకొని, అరగంట తరువాత నడిసముద్రంలో ఆగిపోయి, చల్లారగానే మళ్లీ రాజుకొనే మోటారు చేసే అల్లరి మెకానిక్కులందరికీ తెలుసు. తెగిన తీగ కొనలు చల్లగా ఉన్నప్పుడు తాకుతూ, వేడికి సాగి విడిపోవడం దీనికి ఒక కారణం. అటువంటి కాయిలుకు మీటరు తగిలించి, జుట్టు ఆరబెట్టే యంత్రంతో నెమ్మదిగా వేడిచేస్తే ముల్లు మొదట కొద్దికొద్దిగా ఎడమకు జరుగుతుంది. అది రాగి సహజగుణం. ఆపై ఒక్కసారిగా ఎడమ చివరకు పడిపోతే, సముద్రంలో జరిగిన సంగతి బల్లమీద జరిగినట్లు.

ముల్లు చెప్పలేని సంగతులు కూడా ఉన్నాయి. ఒక ఓములో సగమో పావో ఉండే మొదటి చుట్టను అది నిక్కచ్చిగా కొలవలేదు. మీటరు తీగలు, వాటి కొనల స్పర్శే అందులో చెప్పుకోదగిన భాగం. ఆ చుట్ట తెగిందా లేదా అని మాత్రమే చెప్పగలదు. రెండవ చుట్టను కొలిచేటప్పుడు ప్లగ్గు టోపీ విప్పకపోతే, అందులో దాగిన నిరోధకం మరో 5000 ఓములు తెచ్చి కలుపుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి. మీటరు లోపలి బ్యాటరీ కొద్ది వోల్టులది. ఆ ఒత్తిడికి లొంగని కాయిలు తొడుగు, 20 వేల వోల్టుల ఒత్తిడికి లొంగి లోపలే రవ్వలు రాల్చవచ్చు. కనుక ఓముల పరీక్ష కాయిలును దోషి అని తేల్చగలదు గాని, నిర్దోషి అని తేల్చలేదు.

అందుకే వోల్టుల పరీక్ష కావాలి. ఇక్కడ మరో మోసం పొంచి ఉన్నది. మీటరును ఏ.సి. వోల్టుల మీద పెట్టి చార్జికాయిలుకు తగిలించి తాడు లాగితే ముల్లు కదులుతుంది. కాని ఆ అంకెకు అర్థం లేదు. ముల్లు మీటరు నిజానికి సగటును కొలుస్తుంది. ఇంటి కరెంటు వంటి నున్నని అల వస్తుందని నమ్మి, ఆ సగటును 1.11తో హెచ్చించినట్లుగా స్కేలు గీసి ఉంటుంది. సి.డి.ఐ.లో వచ్చేది అల కాదు, ఎడం ఎడంగా పొడుచుకువచ్చే ముళ్లు. 250 వోల్టుల ముల్లు అయినా సగటున చూస్తే నామమాత్రమే. దీనికి విరుగుడు శిఖరాన్ని పట్టి నిలిపే చిన్న ఉపకరణం. తయారీదారులే అమ్ముతారు, మెలకువ తెలిసినవారు చేసుకోనూవచ్చు. 1000 వోల్టులకు తట్టుకొనే 1ఎన్ 4007 డయోడు, 630 వోల్టులకు తగ్గని ఒక మైక్రోఫారడ్ కండెన్సరు, దానికి సమాంతరంగా ఆ వోల్టులకు తగిన 10 లక్షల ఓముల నిరోధకం, అంతే సామగ్రి. డయోడు గుండా కండెన్సరు శిఖరం దాకా నిండుతుంది, నిరోధకం దానిని మెల్లగా ఖాళీ చేస్తుంది. మీటరును డి.సి. వోల్టుల మీద పెట్టి దాని కొనల వద్ద చదవాలి. వోల్టుకు 20,000 ఓముల మీటరు 250 వోల్టుల రేంజిలో 50 లక్షల ఓములుగా నిలుస్తుంది కాబట్టి ఆ నిలవను అంతగా తాగివేయదు. తాడు లాగినప్పుడు ముల్లు లేచి కొద్దిసేపు నిలుస్తుంది. ఆ అంకెనే పుస్తకంతో పోల్చాలి. చేతికి తగిలితే జాడించి కొట్టే వోల్టులివి కనుక ముందే అన్నీ బిగించి, తరువాతే తాడు లాగాలి.

అంకెల మీటరు ఈ పనికి ఎందుకు పనికిరాదన్న ప్రశ్న సహజం. కొన్ని పనికివస్తాయి, శిఖరాన్ని పట్టే ఖరీదైనవి చక్కగా పనికివస్తాయి. చౌకవాటిలో చాలా వాటిని రవ్వ పుట్టించే విద్యుత్ కలకలం తికమక పెడుతుంది. అందుకే కొన్ని మోటారు కంపెనీల సర్వీసు పుస్తకాలే ఈ పరీక్షకు ముల్లు మీటరు వాడమని చెప్పాయి. బరువైన ముల్లుకు ఆ కలకలం వినిపించదు. మందకొడితనం ఇక్కడ సుగుణమైంది.

మిగిలింది సి.డి.ఐ. పెట్టె. పాత పుస్తకాలలో దానికి ఒక పట్టిక ఉంటుంది: ఈ రంగు తీగకూ ఆ రంగు తీగకూ మధ్య ఇన్ని ఓములని. ఆ పట్టిక కింద చిన్న అక్షరాలలో ఫలానా మీటరే వాడాలని కూడా ఉంటుంది. హోండా కంపెనీ తన పుస్తకాలలో సాన్వా, కోవా మీటర్లను నమూనా సంఖ్యతో సహా పేర్కొన్నది. కారణం ఉన్నది. పెట్టెలోని డయోడు, థైరిస్టరు రాగితీగల వంటివి కావు; ఎంత ఒత్తిడితో అడిగితే అంత జవాబు చెబుతాయి. ఒకటిన్నర వోల్టు బ్యాటరీ ఉన్న మీటరుకు ఒక అంకె, మూడు వోల్టుల దానికి మరొకటి. పైగా చాలా ముల్లు మీటర్లలో ఓముల మీద ఉన్నప్పుడు నల్లతీగే ధనధ్రువం, ఎర్రతీగ ఋణధ్రువం. అంకెల మీటరుకు అలవాటుపడినవారు ఈ సంగతి తెలియక, మంచి డయోడును తలకిందులుగా చదివి చెడిందంటారు. కనుక పట్టికలో చెప్పిన మీటరు చేతిలో లేనప్పుడు ఆ పట్టికను పక్కన పెట్టడమే ఉత్తమం. స్టాపు స్విచ్చి, తీగలు, ఎర్తు బాగున్నాయని, చార్జికాయిలూ ట్రిగ్గరుకాయిలూ పుస్తకం చెప్పిన శిఖర వోల్టులు ఇస్తున్నాయని తేలిన తరువాత, పెట్టె నుంచి ఇగ్నిషన్ కాయిలుకు వెళ్లే వోల్టులు మాత్రం రాకపోతే, అప్పుడు ఒకసారి ఇగ్నిషన్ కాయిలును మార్చి చూసి, అప్పటికీ రాకపోతే పెట్టె కొనాలి.

కొత్తగా వస్తున్న 4 స్ట్రోకుల మోటార్లలో కంప్యూటరు చేరింది. వాటి జబ్బులలో సగం దానినే అడిగి తెలుసుకోవాలి. తీగలు, కాయిళ్లు, ఎర్తులు మాత్రం వాటిలోనూ రాగివే, ఉప్పు వాటినీ తింటుంది.

పరీక్ష ముగిశాక మీటరును ఓముల మీద వదలకూడదు. కొనలు తాకి బ్యాటరీ ఖాళీ అవుతుంది. ఆఫ్ స్థానం ఉంటే దానిమీద, లేకపోతే అత్యధిక వోల్టుల మీద ఉంచాలి. వేసవి సెలవులకు రెండు నెలలు స్వదేశం వెళ్లేవారు బ్యాటరీ తీసివేసి వెళ్లడం మరవరాదు. మూసిన గదిలోని ఆ వేడికి బ్యాటరీ కారి, మీటరు లోపలి రాగిరేకులు కూడా పచ్చబడతాయి.